అద్దె ఇంటికి పిట్టగోడ



మన పల్లెలలో ఇప్పుడు పట్టణముతో సంబంధము లేని ఇల్లు అరుదు. కొడుకు ఉద్యోగమని, అల్లుని పని అని, మనుమల చదువని ఎవరో ఒకరు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటున్నారు. వారిలో అనేకులు అపార్ట్‌మెంట్లలో అద్దెకు ఉండేవారే. వారు పండుగకు వచ్చినప్పుడు "అద్దె ఎంత? నీళ్ళు వస్తాయా? బస్సు దగ్గరేనా?" అని అడుగుతాము. "కిటికీకి చువ్వలు ఉన్నాయా? పిల్లలు ఆడుకునే చోట సంపుకు మూత ఉన్నదా?" అని అడిగేవారు తక్కువ. ఈ నెల ఆ సంగతినే మీతో పంచుకొనగోరుచున్నాము.

మేమును పల్లె నుండి వచ్చినవారమే. కృష్ణా జిల్లాలోని పల్లె సంఘములలో పన్నెండేళ్ళు పరిచర్య చేసిన తరువాత, 2023 జూన్‌లో మమ్మును హైదరాబాదు శివారులోని ఒక చిన్న సంఘమునకు పంపారు. అక్కడ పాస్టరు నివాసము లేదు. అందుచేత మందిరమునకు నడచి వెళ్ళే దూరములో, ఐదంతస్తుల అపార్ట్‌మెంటులోని మూడవ అంతస్తున ఒక ఫ్లాటు అద్దెకు తీసుకున్నాము. అప్పటికి మా పెద్దవానికి ఆరేళ్ళు, చిన్నదానికి రెండున్నరేళ్ళు. సామాను మోయడానికి వచ్చిన యౌవనస్థులు "అయ్యగారూ, మీకు ఐతుకు పడిన అంతస్తే దొరికింది" అని నవ్వారు. త్రోయలో పౌలు ప్రసంగము సాగుచుండగా కిటికీలో కూర్చున్న యౌవనస్థుడు నిద్రపోయి మూడవ అంతస్తు నుండి క్రింద పడిన సంగతి అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో మీరు చదివినదే. మేమూ నవ్వాము. అయితే ఆ సాయంత్రమే కొలత టేపు తీసుకొని, మా ఇంటివారూ మేమూ కలిసి ఇల్లంతా కొలిచాము.

బాల్కనీ కమ్మీ ఎత్తు రెండున్నర అడుగులు. మన దేశపు జాతీయ నిర్మాణ నియమావళి ప్రకారము బాల్కనీ, మేడ అంచున ఉండే గోడ గాని కమ్మీ గాని మీటరుకు తగ్గకూడదు. అనగా సుమారు 3 అడుగుల 3 అంగుళములు. పైగా మా కమ్మీకి చువ్వలు అడ్డముగా ఉన్నాయి. అడ్డ చువ్వలంటే పసిబిడ్డకు నిచ్చెన వేసి ఇచ్చినట్లే. పడకగది కిటికీకి జరిపే అద్దము, దోమల జాలి తప్ప గ్రిల్ లేదు. జాలి దోమను ఆపుతుంది గాని బిడ్డ బరువును ఆపలేదు. ప్లగ్గులు నేలకు జానెడు ఎత్తున ఉన్నాయి. స్నానాల గది గడియ లోపలి నుండి మాత్రమే తీయడానికి వీలుగా ఉన్నది.

పల్లెలో మన ఇల్లు నేలమీద ఉంటుంది. అక్కడ పిల్లలకు అపాయములు లేవని కాదు. బావి ఉన్నది, చెరువు ఉన్నది, గడ్డివాము దగ్గర పాము ఉన్నది, పంటకు కొట్టే మందు డబ్బా ఉన్నది. అయితే అవి తాతల నాటి నుండి తెలిసిన అపాయములు. ఏ అవ్వను అడిగినా చెప్పగలదు. మూడవ అంతస్తులోని అపాయములు మన అవ్వలకు తెలియవు. అవి అలవాటు లేని కంటికి కనబడవు.

మరునాడు ఇంటి యజమానితో మాట్లాడాము. ఆయన వేరే పేటలో ఉంటారు, మర్యాద తెలిసినవారు. "పాస్టరుగారూ, మీరు రెండు మూడేళ్ళు ఉండి వెళ్ళిపోయేవారు. గ్రిల్ కావాలంటే మీ ఖర్చుతో పెట్టించుకోండి. వెళ్ళేటప్పుడు మాత్రం గోడలు ఉన్నవి ఉన్నట్లు ఉండాలి" అన్నారు. అద్దెకుండే ప్రతివారికి ఎదురయ్యే చిక్కే ఇది. ఇల్లు వారిది, బిడ్డ మనది. వారి గోడకు మన డబ్బు ఎందుకు పెట్టాలని మనకు అనిపిస్తుంది. మన బిడ్డ కొరకు తన డబ్బు ఎందుకని వారికి అనిపిస్తుంది. ఈ లెక్క తేలేలోగా కిటికీ తెరచే ఉంటుంది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో ఈ విషయమై ఒక ఆజ్ఞ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టుకొనేవాడు దాని పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టించవలెను. అక్కడ నుండి ఎవరైనా పడితే ఆ రక్తాపరాధము ఆ ఇంటి మీదికి వస్తుందని దాని భావము. పడేవాడు ఇంటివాడా, అద్దెవాడా, కూలికి వచ్చినవాడా అనే ప్రశ్న అక్కడ లేదు. ఎవరు పడినా అది ప్రాణమే. మన కాలములో కూడ ఇటువంటి చట్టము చేసిన పట్టణము ఉన్నది. అమెరికాలోని న్యూయార్కులో పిల్లలు కిటికీల నుండి పడి మరణించుచుండగా, 1976లో అక్కడి ఆరోగ్య మండలి ఒక నియమము తెచ్చినది. మూడు గాని అంతకన్న ఎక్కువ గాని ఇండ్లున్న భవనములో, పదేళ్ళు గాని అంతకన్న తక్కువ గాని వయసున్న పిల్లలు అద్దెకు ఉంటే, ఆ కిటికీలకు కమ్మీలు పెట్టించే బాధ్యత యజమానిదే అన్నది.

మనము ఉన్నది న్యూయార్కు కాదు గనుక చట్టము వచ్చేదాకా కూర్చోలేము. మేము మరల యజమాని దగ్గరకు వెళ్ళి "అయ్యా, గ్రిల్ ఇనుము, కూలి మొదట మేమే ఇస్తాము. అందులో సగము నెలకు కొంత చొప్పున అద్దెలో తగ్గించండి. గ్రిల్ మీకే ఉండిపోతుంది. రేపు మీ ఇంటికి పిల్లలున్నవారు వచ్చినా అది అక్కరకు వస్తుంది" అని చెప్పాము. ఆయన కొంచెము ఆలోచించి ఒప్పుకున్నారు. పదకొండు నెలల అద్దె కాగితములో ఆ సంగతి ఒక వాక్యముగా వ్రాసుకున్నాము. వెల్డింగు చేసే అబ్బాయి వచ్చి బాల్కనీకి నిలువు చువ్వలు, కిటికీకి గ్రిల్ బిగించి వెళ్ళాడు. ఆ రాత్రి మా ఇంటివారు కంటినిండా నిద్రపోయారు.

మా ఇంటిలోనిది అలా తీరినది. మెట్లు దిగితే మరొకటి ఉన్నది.

సెల్లారులో కార్లు నిలిపే చోటు ప్రక్కన నీళ్ళ సంపు ఉన్నది. దాని సిమెంటు పలక ఒక మూల విరిగిపోతే పైన ప్లైవుడ్ ముక్క కప్పారు. ఆ ప్రక్క గదిలోనే పాలమూరు నుండి వచ్చిన వాచ్‌మన్ కుటుంబము ఉంటున్నది. వారికి మూడేళ్ళ పాప. తండ్రి గేటు దగ్గర, తల్లి నాలుగిండ్లలో అంట్లు తోముచు ఉంటే, ఆ పాప రోజంతా ఆ ప్లైవుడ్ చుట్టే ఆడుకొనేది. మేము పట్టణమునకు రావడానికి నెల ముందే, 2023 మేలో, హయత్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు పార్కింగులో నీడ ఉన్నదని పడుకోబెట్టిన కూలివారి మూడేళ్ళ పాప మీదుగా కారు వెళ్ళి ఆ బిడ్డ మరణించినది. సెల్లారు కార్లకని కట్టినా, అక్కడ బ్రదుకుతున్నది మనుష్యులు.

మేము అసోసియేషన్‌కు చెప్పాము. "అద్దెవారికి మీటింగులో ఓటు లేదండీ, మీ ఓనరుతో చెప్పించండి" అన్నారు. అది నిజమే. మన రాష్ట్రములో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టము ప్రకారము ఏర్పడేది ఫ్లాట్ల యజమానుల సంఘము. మా భవనములో పదిహేను ఫ్లాట్లుంటే తొమ్మిదింటిలో ఉన్నది అద్దెవారే. అక్కడ నివసించేవారికి ఓటు లేదు, ఓటున్న అనేకులు అక్కడ నివసించరు. ఇల్లిల్లు తిరిగాము. ఒకరు "మా పిల్లలు క్రిందికి వెళ్ళరు" అన్నారు. ఒకరు "మేము రెండు నెలల్లో ఖాళీ చేస్తున్నాం" అన్నారు. ఇంకొకరు "వాచ్‌మన్ పిల్ల సంగతి వాచ్‌మన్ చూసుకోవాలి గదా" అన్నారు.

ఆ వారము మా అమ్మ ఊరి నుండి వచ్చి ఉన్నది. ఈ మాటలు విని ఆమె, "మన ఊళ్ళో మంచినీళ్ళ బావికి గట్టు కట్టినప్పుడు, ఆ బావి నీళ్ళు తాగని వాళ్ళు కూడా చందా ఇచ్చారు నాయనా. బావి ఎవరిదైనా, దాని దగ్గరికి పోయే పిల్లలు ఊరందరి పిల్లలు" అన్నది. తరువాత మేము చెప్పకుండానే ఆమె రోజూ సాయంత్రము క్రిందికి దిగి, సంపు ప్రక్కన స్టూలు వేసుకొని కూర్చొనేది. ఆ వయసున్న ఆమె అక్కడ ఎందుకు కూర్చున్నదని వచ్చేవారు పోయేవారు అడగసాగారు. "మూత లేదు గదమ్మా, అందుకని" అని చెప్పేది. మా ఇండ్ల చుట్టు తిరుగుడు చేయలేని పని ఆ స్టూలు చేసినది. అద్దెవారిలో ఎనిమిది కుటుంబములు కాగితము మీద సంతకములు పెట్టాయి. తమ తమ యజమానులకు ఫోను చేశారు. పదిహేను రోజులలో సంపుకు ఇనుప మూత, దానికి తాళము వచ్చాయి. తాళపుచెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ ఒక్కమాటగా పాప తల్లికే ఇచ్చారు.

లిఫ్టు సంగతి అంత సులువుగా తీరలేదు. అది మడత తలుపుల పాత లిఫ్టు. తలుపు పూర్తిగా మూయకపోతే కదలకూడదు. కాని లోపలి విద్యుత్ కాంటాక్టు చెడిపోతే తెరచి ఉన్నా కదులుతుంది. బయటి తలుపుకు లోపలి తలుపుకు నడుమ పసివాడు పట్టేంత చోటు కూడ ఉన్నది. చెప్పాము, వ్రాశాము, "వచ్చే మీటింగులో" అన్నారు. 2025 ఫిబ్రవరిలో మాసాబ్ ట్యాంక్ ప్రాంతములోని ఒక అపార్ట్‌మెంటులో ఆరేళ్ళ బాలుడు లిఫ్టుకు గోడకు మధ్య ఇరుక్కొని, మరునాడు ఆసుపత్రిలో మరణించాడు. మార్చిలో మెహిదీపట్నం వైపు ఒక భవనములో వాచ్‌మన్ కుమారుడు, నాలుగున్నరేళ్ళవాడు, లిఫ్టులోనే ప్రాణము విడిచాడు. ఆ తరువాత గాని మా భవనములో లిఫ్టు బాగుచేయించలేదు. ఎక్కడో ఇద్దరు తల్లుల కడుపుకోత మా మీటింగులో ఓటుగా లెక్కకు వచ్చినదని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ప్రియులారా, పట్టణములో అద్దెకుండే మీ బిడ్డలకు చెప్పవలసిన కొన్ని మాటలు ఇక్కడ వ్రాస్తున్నాము.

1. అడ్వాన్సు ఇవ్వక మునుపే కిటికీలు, బాల్కనీ, మేడ, సంపు, లిఫ్టు చూడవలెను. అడ్వాన్సు ఇచ్చిన తరువాత మన మాటకు బలము తగ్గుతుంది.

2. చువ్వలు నిలువుగా ఉండవలెను, నడుమ సందు నాలుగు అంగుళములకు మించకూడదు. పడకగది గ్రిల్‌లో ఒక భాగము మాత్రము తలుపువలె తెరచుకొనేటట్లు చేయించి, తాళపుచెవి పెద్దలకు అందే ఎత్తున వ్రేలాడదీయవలెను. నిప్పు అంటుకున్నప్పుడు తెరచుకొనని గ్రిల్ చెరసాల అవుతుంది.

3. మంచము, కుర్చీ, బట్టల పెట్టె కిటికీ క్రిందను, బాల్కనీలోను ఉంచకూడదు.

4. నీళ్ళు రాని రోజుకని బకెట్లు, డ్రమ్ములు నింపి ఉంచుతాము. పసిబిడ్డ మునగడానికి బకెట్టు అడుగున ఉన్న కొద్ది నీళ్ళు చాలును. మూత పెట్టి, స్నానాల గది తలుపుకు బయట గడియ వేయవలెను. గదిలోపలి గడియను పిల్లలకు అందనంత ఎత్తున బిగించవలెను.

5. కరెంటు పెట్టెలో ఆర్.సి.సి.బి. అనే మీట ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించవలెను. 30 మిల్లీ ఆంపియర్ల రకము, మనిషి ఒంటి గుండా కరెంటు నేలకు పారితే క్షణములో సరఫరా ఆపుతుంది. దాని మీద ఉండే పరీక్ష బటను నెలకొకసారి నొక్కి చూడవలెను.

6. పిల్లలను ఒంటరిగా లిఫ్టు ఎక్కనియ్యకూడదు, మేడమీదికి పోనియ్యకూడదు.

7. యజమానితో కుదిరిన మాటను అద్దె కాగితములో వ్రాయించవలెను.

వీటిలో ఎక్కువ భాగము ఒక్క ఆదివారము మధ్యాహ్నములో చూచుకొనగల పనులు. ఏడింటి కంటె కష్టమైనది ఎనిమిదవది: తలుపు తీసి ప్రక్క ఇంటివారి పిల్లల పేర్లు తెలిసికొనుట. అపార్ట్‌మెంటులో గోడ ఒకటే, తలుపులు వేరు. మూడవ అంతస్తు బిడ్డ మొదటి అంతస్తులో మెట్ల మీద ఏడుస్తుంటే ఎవరి బిడ్డో తెలిస్తేనే కదా ఎత్తుకొని తీసికొనివచ్చేది. పల్లెలో మనకు పుట్టుకతో వచ్చిన ఈ తెలివిని పట్టణమునకు వెళ్ళిన మన బిడ్డలు గడప దగ్గర వదలి వెళ్ళకూడదు.

అద్దె ఇల్లు కొంతకాలము మనకు అప్పగింపబడిన చోటు. మన తరువాత దానిలోనికి మరొక తల్లి పసిబిడ్డను చంకన వేసుకొని వస్తుంది. ఆమె మన పేరు ఎరుగదు. ఆమె బిడ్డ చేతికి మనము పెట్టించిన చువ్వ తగిలితే అంతే చాలును. ఈసారి పట్టణము నుండి మీ కొడుకు, కోడలు వచ్చినప్పుడు, భోజనమైన తరువాత కూర్చోబెట్టి కిటికీల సంగతి అడగండి. వారిని తిరిగి పంపేటప్పుడు సంచిలో పచ్చడి జాడీతోపాటు ఒక కొలత టేపు కూడ పెట్టి పంపండి.