మేలుకొనని యంత్రము

అమెరికాలో నివసించు తెలుగువాడు తన వృత్తి యేదియో చెప్పుకొనుటకు ముందే ఎదుటివారు దానిని నిశ్చయించి వేయుదురు. ఒహాయో రాష్ట్రమందలి కొలంబస్ నగరములో, కట్టడమునకు పునాది త్రవ్వుటకు ముందు నేల బలమును పరీక్షించు ఇంజనీరుగా నేను చాలకాలము పనిచేసితిని; భూమిలోనికి గొట్టము దింపి తీసిన మన్నులో బంక పాలెంతయో ఇసుక పాలెంతయో వ్రేళ్ల నడుమ నలిపి చెప్పగలనేగాని, కంప్యూటరు మూత విప్పి యెరుగను. అయినను, వైటూకే గడబిడ నాడు అమీర్‌పేట శిక్షణాలయములనుండి వచ్చి విమానములు దిగిన మనవారి కీర్తిలో నాకును ఒక పాలు దక్కి, పొరుగింటి వృద్ధుడు మొదలుకొని దేవాలయములో పులిహోర వడ్డించు అమ్మగారి వరకు, యంత్రము మొరాయించిన ప్రతివారును నన్నే పిలుచుచుండిరి. "మీరు తెలుగువారు కదా!" అనునదే అందరి హేతువు. కనుక 2010 సంవత్సరపు శీతకాలమున మా యింటి కంప్యూటరే మంచము పట్టినప్పుడు, పిలుచుటకు నాకెవ్వరును లేకపోయిరి.

ఆనాటి ప్రవాసి గృహములో ఆ పెట్టె చేయని యూడిగము లేదు. శనివారము రాత్రి, అనగా తెనాలిలో ఆదివారము ఉదయము, మా నాన్నగారు కాఫీ గ్లాసుతో ప్రత్యక్షమగునది అందులోనే. వీసా దరఖాస్తుల నకళ్లు, ఏటేటి పన్ను కాగితములు, పిల్లల పాఠశాల వ్యాసములు, తెల్లవారగానే చదువు తెలుగు దినపత్రిక, మా ఆవిడ తన తల్లి చెప్పగా వ్రాసికొన్న ఊరగాయల కొలతలు, అన్నియు అందులోనే.

దానికి తెగులు సోకిన మార్గము మాత్రము మిక్కిలి మంగళప్రదమైనది. అంతకు ముందటి కార్తీకములో విజయవాడలో మా మేనకోడలి వివాహము జరిగినది. వెళ్లలేకపోయిన మాకొరకు ఫొటో స్టూడియోవారు తలంబ్రాలనుండి అప్పగింతలవరకు సమస్తమును ఒక పెన్ డ్రైవులో నింపి, ఇటు వచ్చుచున్న బంధువుచేత పంపిరి. అది అంతకు ముందు ఎన్ని యంత్రములు తిరిగినదో! పెన్ డ్రైవు తగిలించిన తక్షణమే, అందులో ఆటోరన్ అను చిన్న ఫైలున్నయెడల, దానిలో వ్రాసిన మాటను మన్నించుట ఆ కాలపు విండోస్ ఎక్స్‌పీకి మర్యాదగా ఉండెను. 2008 నవంబరులో బయలువెడలిన కన్‌ఫికర్ అను పురుగు ఈ మర్యాదనే వాడుకొని, "ఫోల్డరు తెరచి ఫైళ్లు చూడుము" అను వాక్యమును పసుపుపచ్చని ఫోల్డరు బొమ్మతో సహా తానే కల్పించి పట్టికలో పైన నిలిపెడిది. అదే అర్థముగల అసలు వాక్యము దాని క్రింద ఉండెడిది. పెండ్లికూతురిని చూడవలెనను ఆత్రములో నున్న కుటుంబము పై వాక్యమును విడిచి క్రింది వాక్యమును నొక్కునా? దానిని వ్రాసినవారిని పట్టి యిచ్చువారికి 2,50,000 డాలర్ల బహుమానమిత్తుమని మైక్రోసాఫ్ట్ 2009 ఫిబ్రవరిలో ప్రకటించినది. పెన్ డ్రైవులయెడ ఆ మర్యాదను మాన్పించు సవరణను పాత యంత్రములకు విరివిగా పంపినది మాత్రము 2011 ఫిబ్రవరిలో. మా పెండ్లి ఫొటోలు ఆ రెంటి నడుమ వచ్చి చేరినవి.

మొదట కనబడిన లక్షణము మందకొడితనము, రెండవది విచిత్రము. దినపత్రిక తెరచుకొనును, బ్యాంకు తెరచుకొనును, తెనాలితో మాటలు సాగును. వైరస్ నివారణ సంస్థల పుటలు మాత్రము ఎంత వేడినను తెరచుకొనవు. కొన్నాళ్లకు డాలు బొమ్మ ధరించిన ఒక కిటికీ తెరపై నిలిచి, మీ యంత్రము వైరసులతో నిండియున్నది, రుసుము చెల్లించినయెడల తొలగింతుమని హెచ్చరింపసాగెను. ఆ హెచ్చరికను వ్రాసినది ఆ వైరసే. దాని సంగతి చూతమని టాస్క్ మేనేజరును పిలువగా, "అడ్మినిస్ట్రేటరు దీనిని నిషేధించినాడు" అని సమాధానము వచ్చెను. ఆ యంత్రమునకు అడ్మినిస్ట్రేటరును నేనే. తుదకొక ఉదయమున ఎక్స్‌పీ వారి పచ్చిక బయలును నీలాకాశమును వచ్చినవి గాని, వాటిపై ఒక్క బొమ్మయు రాలేదు. ఎఫ్ 8 మీట నొక్కి సేఫ్ మోడ్‌లో ప్రవేశింపబోగా నీలి తెర ఎదురయ్యెను. సేఫ్ మోడ్‌కు ఆధారమైన పద్దులను గూడ, విండోస్ తన అమరికలు వ్రాసికొను రిజిస్ట్రీనుండి తుడిచివేయు వైరసు జాతులున్నవని తరువాత తెలిసినది.

ఆ స్థితిలో మమ్ము ఆదుకొన్నవాడు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుచుండిన వరంగల్లు కుర్రవాడు. మా వీధి చివర తోటి విద్యార్థులతో గది పంచుకొని యుండి, ఆదివారము నాడు మా యింట పప్పుచారు కాగు వేళను తప్పక గుర్తించువాడు. యంత్రమును కొంతసేపు చూచి, "అంకుల్, ఇప్పుడు ఇది చెప్పేదేదీ నమ్మొద్దు. లోపల్నుంచి ఏం చేసినా లాభం లేదు, బయటి నుంచి లేపాలె" అనెను.

ఆ మాట బోధపడుటకు ఆ కాలపు యంత్రము మేలుకొను క్రమము తెలియవలెను. మీట నొక్కగానే మదర్‌బోర్డుపై చిన్న చిప్పులో నున్న బయోస్ లేచి, మెమరీ, కీబోర్డు, డిస్కు ఉన్నవో లేవో తడవి చూచుకొని, హార్డ్ డిస్కులోని మొట్టమొదటి గడిని, అనగా 512 బైట్లను మాత్రమే చదివి, అధికారమును దానికి అప్పగించును. అది తన తరువాతి దానిని, ఆ తరువాతిది విండోస్ మూలభాగమును, మూలభాగము డ్రైవర్లను లేపగా, అన్నియు కుదురుకొన్న పిమ్మట విన్‌లాగాన్ అనునది మన పేరును పాస్‌వర్డును అడిగి, యూజర్‌ఇనిట్ అను మరియొక చిన్న ప్రోగ్రామును పిలువగా, అది తెరపై బొమ్మలు పరచు పనిని ఆరంభింపజేయును. ఈ పరంపరలో ప్రతి యంగమును తనకు ముందు లేచినదానిని ప్రశ్నింపక నమ్మును. కావున వైరస్ నివారిణికంటె ముందుగా లేచిన దొంగ ప్రోగ్రాము, ఈ డిస్కులో ఏమేమి ఫైళ్లున్నవని నివారిణి అడిగినప్పుడు, తన పేరు తప్ప తక్కిన పేర్లన్నియు చదివి వినిపించును. నివారిణియు తృప్తి పొంది అంతయు క్షేమమని మనకు నివేదించును.

ఈ మాయ నిన్న మొన్నటిది కాదు. 1986లో లాహోరు నగరమున బాసిత్, అంజద్ ఫరూఖ్ అల్వీ అను సోదరులు, తాము వ్రాసిన వైద్యసంబంధమైన సాఫ్ట్‌వేరును జనులు దొంగనకలు చేసికొనుచున్నారని, బ్రెయిన్ అను వైరసును కల్పించి, అందులో తమ పేర్లను, చిరునామాను, టెలిఫోను నంబరులను గూడ నిస్సంకోచముగా చేర్చిరి. పీసీలకు సోకిన తొలి వైరసుగా అది ప్రసిద్ధికెక్కినది. ఫ్లాపీ మొదటి గడిలో కాపురముండి, ఎవరైనను ఆ గడిని చదువబోయినచో, వేరొకచోట దాచియుంచిన అసలు గడిని చూపి పంపివేయుట దాని నేర్పు. మేము ఈ యవస్థలో నున్న 2010 ఫిబ్రవరిలోనే మరియొక వింత జరిగినది. మైక్రోసాఫ్ట్ పంపిన ఒక సవరణను స్వీకరించిన ఎక్స్‌పీ యంత్రములు అనేకము, తిరిగి లేపినప్పుడెల్ల నీలి తెరతో కూలబడుచుండగా, జనులు సవరణనే నిందించిరి. విచారింపగా ఆ యంత్రములలో అల్యూరియన్ అను రూట్‌కిట్ అంతకు ముందే గుట్టుగా మకాము చేసియుండెననియు, మూలభాగములో ఫలానిది ఫలాని తావున ఉండునని అది వేసికొన్న లెక్క సవరణచే తారుమారు కాగా, తాను పడుచు యంత్రమును గూడ పడద్రోసెననియు తేలినది. ఆ దినమువరకు ఆ యంత్రములు తమకు ఏ తెగులును లేదనియే చెప్పుచుండెను.

కుర్రవాడు తెచ్చిన సీడీలో క్నాపిక్స్ ఉండెను. జర్మను దేశస్థుడైన క్లాస్ క్నాపర్ కూర్చిన ఈ లినక్స్, హార్డ్ డిస్కు ప్రసక్తి లేకయే సీడీనుండి మేలుకొనగలదు. మా పెట్టెయే, మా తెరయే; కాని లోన లేచినది వేరొక వ్యవస్థ, దాని కంటికి మా విండోస్ యావత్తును కదలిక లేని ఫైళ్ల కుప్ప. దొంగలు లేచియుండలేదు గనుక దాగుట వారికి సాధ్యము కాలేదు. కుర్రవాడు మొదట ఫొటోలను, కాగితములను, ఊరగాయ కొలతలను వేరొక డిస్కులోనికి నకలు చేసి, పిమ్మట వైరసులను వెదకు మరియొక సీడీతో డిస్కునంతయు గాలించి, తెగులు ఫైళ్లను తొలగించెను.

అంతట విండోసును లేపితిమి. స్వాగతమనెను, నా పేరు నొక్కితిని, మీ సెట్టింగులు తెచ్చుచున్నాననెను, మరుక్షణమే మీ సెట్టింగులు భద్రపరచుచున్నానని, నన్ను వెలుపలికి పంపి, తిరిగి స్వాగతమనెను. ఎన్నిమార్లు నొక్కినను అదే స్వాగతము, అదే వీడ్కోలు.

మర్మమేమనగా, ఆ దొంగలలో నొకటి, రిజిస్ట్రీలో యూజర్‌ఇనిట్ పేరుండవలసిన తావున తన పేరు వ్రాసికొని, విన్‌లాగాన్ పిలిచినప్పుడు తాను పలికి, తన పని ముగించుకొని, అసలుదానిని తానే లేపుచుండెను. ద్వారపాలకుని కొలువు కాజేసిన దొంగ, వచ్చినవారికి తలుపు మాత్రము ఏనాడును తప్పక తీయుచుండెనన్నమాట. బయటినుండి వచ్చిన సీడీ ఆ దొంగను చక్కగా గుర్తుపట్టి తీసివేసినదేగాని, ఇకపై తలుపు తీయువాడెవడని విచారింపలేదు. విన్‌లాగాన్ పాత పేరుతో పిలిచినది, పలుకువాడు లేడు.

కుర్రవాడు కొంతసేపు గడ్డము నిమురుకొని, క్నాపిక్స్‌ను మరల లేపి, సిస్టం32 ఫోల్డరులో నున్న అసలు యూజర్‌ఇనిట్ ఫైలుకు ఒక నకలు తీసి, ఆ నకలుకు దొంగ పేరు పెట్టెను. విన్‌లాగాన్ ఎప్పటివలెనే పిలిచినది. ఈసారి దొంగ పేరుతో సాధువు పలికెను. పచ్చిక బయలుపై బొమ్మలన్నియు బారులు తీరెను. లోనికి ప్రవేశించిన పిమ్మట రిజిస్ట్రీలో పేరు సరిదిద్ది, మారుపేరు నకలును తుడిచివేసెను.

"ఇంక బాగైనట్టేనా బాబూ?" అని మా ఆవిడ అడుగగా, "లేదాంటీ. ఒకసారి ఇట్లయినదాన్ని ఇగ నమ్మలేం. లోపలికి పోయినం కాబట్టి మీరేమేం వాడుతున్నరో తెలిసింది. అవన్నీ రాసుకొని, మొత్తం తుడిచి మళ్ళీ వేద్దాం" అని, పప్పుచారు ముందు కూర్చుండెను.

తెగులు సోకినది తన తెగులును తాను చెప్పుకొనలేదు, దానిని కనుగొనుటకు బయటి కన్ను కావలెననుట ప్రవాసులమైన మాకు కడు ప్రియమైన సిద్ధాంతము. సెలవుపై ఊరిలో దిగినది మొదలు, పంచాయతీ కుళాయినుండి శాసనసభవరకు ఎక్కడెక్కడ ఏ లోపమున్నదో మేము ఇట్టే పట్టుకొందుము. పట్టుకొన్నవాటిలో పెక్కు నిజమైన లోపములే. ఊరి వడ్డీవ్యాపారిని తరిమివేయనిదే రైతుకు విముక్తి లేదని నేనొకనాడు వాదింపగా, మా నాన్నగారు, "నిజమే. రేపు నాట్లనగా రాత్రికి రాత్రి కూలి డబ్బు ఎవడిస్తాడో అది కూడా చెప్పు" అనిరి. వ్యాపారి సాధువని ఆయన యుద్దేశము కాదు. దొంగ జరుపుచున్న పనిలో అవసరమైన పాలెంతయో ఎరిగి, దానికి వేరొకనిని నియమించిన పిమ్మటగదా దొంగను తీయవలసినది! ఆ యెరుక సీడీలో రాదు. ఆ యింట మసలువారియొద్దనే దొరకును.

బయటి కన్నుకు గల ఈ ప్రతిష్ఠను అమ్ముకొనువారును బయలుదేరిరి. కొన్నేండ్లకు మా పొరుగింటి వృద్ధుడు నన్ను కంచెకడ నిలిపి, విండోస్ డిపార్టుమెంటునుండి ఒకడు ఫోను చేసి, నీ యంత్రములో తెగులున్నట్లు మాకు ఇక్కడనుండియే కనబడుచున్నదని చెప్పినాడనెను. ఈవెంట్ వ్యూయర్ అనుదానిని తెరువుమని, అందలి ఎర్ర గుర్తులే వైరసులని చూపిరట. ఆ గుర్తులు ఆరోగ్యముగల ప్రతి యంత్రములోను ఉండును. పిమ్మట ఒక ఆజ్ఞ కొట్టించి, అప్పుడు వచ్చిన పొడుగాటి సంఖ్య నీ యంత్రమునకే చెందిన గుర్తింపని నమ్మబలికిరట. ఆ సంఖ్య లోకములోని విండోస్ యంత్రములన్నిటిలోను ఒకటే. 2012 అక్టోబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇట్టి సంస్థలపై ఆరు వ్యాజ్యములు వేసి, ఈ దందాలలో అధికభాగము భారతదేశమునుండి నడచుచున్నవని ప్రకటించినది. వృద్ధుడు నాతో కొంత మొగమాటముగా, "వాడి మాట అచ్చము నీ మాటవలె ఉన్నది, అందుకే నమ్మితిని" అనెను. అమీర్‌పేట ఆర్జించి పెట్టిన పరపతిని ఎవడో ఎక్కడనో కూర్చుండి ఖర్చు చేయుచుండగా, ఆ పరపతి నీడనే బ్రతికిన నాకు ఆయనతో చెప్పుటకేమియు తోచలేదు. లోనికి వెళ్లి, ఆయనచేత బ్యాంకుకు ఫోను చేయించి, కార్డును రద్దు చేయించితిని.

2014 ఏప్రిలులో ఎక్స్‌పీకి సవరణలు పంపుట మైక్రోసాఫ్ట్ మానుకొన్నది. ఆ వేసవిలో తెనాలి పోవుచు, ఎరువుల దుకాణము నడుపు మా తమ్ముని కంప్యూటరు మేలుకొనుట లేదని విని, సూట్‌కేసులో సీడీలు పెట్టుకొంటిని. యూరియా బస్తాల నడుమ, తువాలు కప్పియున్న ఆ యంత్రము ముందు కూర్చుండి, మీట నొక్కుటకు ముందు, ఇందులో ఏమేమి ఎక్కడెక్కడ ఉన్నవి, నీకు ఏ వేళ ఏది కావలెను అని వానిని అడిగితిని. ప్రశ్నలడుగు అన్న వానికి క్రొత్త; కొంత తేరిపారచూచి, "ట్యాలీ లెక్కలన్నీ సీ డ్రైవులోనే ఉన్నాయన్నయ్యా, రైతుల ఖాతాలతో సహా. డీలో ఉన్నవి సినిమాలు, పోయినా పర్లేదు. ఇంకోటి, రెండింటి నుంచి నాలుగింటిదాకా కరెంటు తీసేస్తాడు. యూపీఎస్ బ్యాటరీ పోయి ఆర్నెల్లయింది. ముందు ఇంటికెళ్ళి భోంచేద్దాం పద" అనెను.

వివరమడుగక సీ డ్రైవును ముందుగా తుడిచివేయుట బయటినుండి వచ్చినవాని పద్ధతి. మేము భోజనముచేసి, కొంత కునుకు తీసి, నాలుగు దాటిన పిమ్మట వచ్చి, మొదట రైతుల ఖాతాలను భద్రముగా వెలికి తీసి, ఆపై తుడుపు ఆరంభించితిమి. దుకాణము మూయు వేళకు పాత బాకీలతో సహా లెక్కలన్నియు యథాస్థానమునకు వచ్చినవి. బాకీదారులకు మాత్రము ఇది అంత శుభవార్త కాకపోయి యుండవచ్చును.