రంగు దిగితేనే అందం

ఉగాదికి మనవాళ్లకు మన చేత్తోనే శుభాకాంక్షల కార్డులు చేసి పంపుదాం.

కొత్త ఎర్రచీరను తెల్లపంచెతో కలిపి నానబెడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇంట్లో గొడవ పెట్టే ఆ గుణమే ఇక్కడ మనకు కావలసింది. రంగు దిగే టిష్యూ కాగితం అడిగి తెచ్చుకోండి. బహుమతులకు చుట్టే టిష్యూ చాలావరకు రంగు వదలదు. అందుకే దుకాణంలోనే తడివేలితో ఓ మూల రుద్ది చూడండి, వేలికి రంగంటితే కొనండి. అది దొరక్కపోతే, పందిళ్లకు కట్టే ముడతల కాగితం ఉందిగా! వాన పడితే గోడల మీద చారలు దించేది అదే.

కార్డుకు మాత్రం దళసరి కాగితం కావాలి. వాటర్‌కలర్ వేసుకునే 300 జీఎస్ఎం కాగితమైతే తడికి అంతగా ముడుచుకోదు. టిష్యూను కత్తెరతో కోయకండి, చేత్తో చింపండి. నాకు చింపిన అంచే ఇష్టం. కత్తిరించిన అంచు గీత గీసినట్టుంటుంది, చింపిన అంచు పూరేకులా ఒదుగుతుంది. కార్డును కుంచెతో తడిపి, ముక్కలు పరిచి, పైన మళ్లీ తడపండి. ఇక చెయ్యి తీసేయండి. ఆరాక ముక్కలు ఒలిస్తే రంగు కార్డు మీద మిగులుతుంది.

ఇందులో గమ్మత్తంతా నీళ్లదే. కాగితపు పోగులను గట్టిగా పట్టుకోని రంగు నీటిలో కరుగుతుంది, పోగుల సందుల్లోంచి తడి పాకినంత దూరం తానూ పాకుతుంది. ముదురు ఊదాలో కలిసిన రంగులు ఒక్కోసారి పాకుతూ పాకుతూ అంచున విడిపోతాయి కూడా. ఏ రంగు వేగం దానిది మరి! ఆకుల రంగులను మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు 1900ల తొలినాళ్లలో విడదీసి చూపింది ఈ వేగాల తేడాతోనే. ఆయన సుద్దపొడి నింపిన గాజుగొట్టం వాడాడు, మనకు అట్టముక్క చాలు.

పసుపు పక్కన ఎరుపు పెట్టండి, మధ్యలో బంతిపూల రంగు పుడుతుంది. పసుపు పక్కన నీలం పెడితే మావిడాకు పచ్చ. ఎరుపును ఆకుపచ్చకు మాత్రం ఆనించకండి, కలిసిన చోట బురదరంగు వస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చేది కొవ్వొత్తి పని. తడపకముందే తెల్ల కొవ్వొత్తి ముక్కతో కార్డు మీద గట్టిగా ఒత్తి అవతలివాళ్ల పేరు రాయండి. రాసినప్పుడు ఏమీ కనబడదు. రంగు పాకే కొద్దీ మైనం ఉన్నచోట తెల్లగా నిలిచి, పేరు తేలుతుంది. పిల్లలతో చేయించండి, వాళ్ల మొహాలు చూడాలి మీరు!

లోపలి మాట బాల్‌పెన్నుతో రాయండి, నీటి సిరా తడి తగిలితే చెదురుతుంది. ఇంకోమాట, ఈ రంగులు ఎండకు త్వరగా వెలిసిపోతాయి. కార్డును కిటికీలో పెట్టవద్దనీ, పుస్తకంలో దాచుకొమ్మనీ అందులోనే ఓ ముక్క రాసి పంపండి.