మావారు మళ్ళీ స్టూడెంటయ్యారు!

"అబ్బ, హవాయి దీవులా! ఎంత అదృష్టమమ్మా నీది!"

2006లో మావారికి హోనలూలులోని హవాయి యూనివర్సిటీలో పిహెచ్.డి. సీటు వచ్చిందని తెలిసి, బాపట్లలో మా ఇంటికి వచ్చినవాళ్ళంతా ఈ మాటే అన్నారు. నీలం సముద్రం, కొబ్బరిచెట్లు, మెడలో పూలదండలు... సినిమాల్లో చూసిందే కదండీ అందరూ! కానీ నేను వెళ్ళింది టూరిస్టుగా కాదు, స్టూడెంటుగారి భార్యగా. ఈ రెండింటికీ ఎంత తేడానో చెబుతాను వినండి.

నాకు ఇచ్చింది ఎఫ్-2 వీసా. అంటే భర్త చదువుకున్నన్నాళ్ళూ మనం అక్కడ ఉండవచ్చు, వండవచ్చు, ఉతకవచ్చు, పిల్లాణ్ణి పెంచవచ్చు. ఒక్క డాలరు మాత్రం సంపాదించకూడదు. బాపట్లలో నేను జాకెట్లు కుట్టేదాన్ని, చీరలకి ఫాల్స్ వేసేదాన్ని. పాలబిల్లూ, గ్యాసూ, మా బాబు బట్టలూ నా డబ్బులతోనే గడిచేవి. అలాంటిది అక్కడ దిగిన మొదటి నెలలో బస్సు చిల్లర కూడా మావారినే అడగాల్సి వచ్చింది. ఆయన ఎప్పుడూ కాదనలేదు, చాలాసార్లు అడగకముందే ఇచ్చేవారు. అయినా చాచిన చెయ్యి చాచిన చెయ్యే కదా!

యూనివర్సిటీ మనోవా అనే లోయలో ఉంది. ఎండ కాస్తూండగానే సన్నటి జల్లు, వెంటనే ఇంద్రధనుస్సు. ఆ లోయలో పడే వానకి హవాయి వాళ్ళు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు, 'తువహినే' అని. మేము దానికి దిగువన మోయిలిఇలి పేటలో ఒకే ఒక్క గది అద్దెకు తీసుకున్నాం. వీధిలోకి వస్తే నిద్రగన్నేరు, దేవగన్నేరు, మామిడి, పనస. చెట్లన్నీ మనవే! మంచు కురిసే ఊరైతే 'ఇది పరాయి దేశం' అని కళ్ళకి తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ మామిడిచెట్టు కింద నిలబడితే పక్క సందులోంచి మా అత్తయ్యగారు పిలుస్తారేమో అనిపించేది. ఎవరూ పిలిచేవారు కాదు. నన్నడిగితే అలాంటి ఊళ్ళోనే బెంగ ఎక్కువ.

ఇక ధరల సంగతి. కాలిఫోర్నియా నుంచి విమానంలో ఐదు గంటల పైచిలుకు దూరంలో, పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన ఉన్న దీవులవి. తినే తిండిలో ఎక్కువ భాగం ఓడల్లో రావలసిందే. పాల ధర చూసి పెరుగు తోడుపెట్టడానికి ఆలోచించేదాన్ని. అక్కడివాళ్ళూ అన్నం తినేవాళ్ళే. అయితే అది పొట్టి గింజల ముద్దబియ్యం. కప్పు బియ్యానికి కప్పుంపావు నీళ్ళు చాలు, మన లెక్కన పోస్తే జావే. కూరలోకి కుదరదుగానీ పెరుగన్నానికి, పొంగలికి భేషుగ్గా ఉంటుంది. తాలింపు వేస్తే చాలు, పొగ గంట గుయ్యిమని మోగేది. కిటికీ తీసి, బాబు చేత అట్టతో విసిరిస్తూ తాలింపు పెట్టేదాన్ని.

వెళ్ళిన రెండు నెలలకి, 2006 అక్టోబరు 15, ఆదివారం. పొద్దున్నే ఎవరో కారులో వెళుతుంటే మావారూ వాళ్ళతో కలిసి, మొక్కలకి నీళ్ళు పెట్టడానికి కొండకి అవతలున్న వైమనాలో తోటకి వెళ్ళారు. ఏడు గంటలు దాటిందో లేదో, గది ఊగింది. గిన్నెలు గలగలమన్నాయి. మూడేళ్ళ బాబుని ఎత్తుకుని మెట్లు దిగి పరుగెత్తాను. భూకంపం పుట్టింది పక్కనున్న పెద్ద దీవి దగ్గర, తీవ్రత 6.7. మా దీవిలో ఇళ్ళు కూలలేదుగానీ మొత్తం కరెంటు పోయింది. పొయ్యి కరెంటుదే, వండటానికి లేదు. ఫోనూ కరెంటుదే. ట్రాఫిక్ లైట్లు ఆరిపోయాయట. మావారు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో తెలియదు. బాబు ఆకలని ఏడుపు. నాకున్న ఇంగ్లీషు ఇంటర్ ఇంగ్లీషు, ఎవర్ని ఏమని అడగను?

కింది వాటాలో ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ ఉండేవారు. వైకీకిలో ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే పని, అరవై దాటినా మానలేదు. హవాయిలో పెద్దవాళ్ళనెవరినైనా 'ఆంటీ', 'అంకుల్' అనే పిలుస్తారు, అచ్చం మనలాగే. ఆ ఆంటీ వాకిట్లో చిన్న గ్యాసు పొయ్యి పెట్టి, ఏదో ఉడికిస్తూ రమ్మని చెయ్యి ఊపింది. దగ్గరికి వెళ్ళి గిన్నెలోకి చూద్దును కదా, పెసలు! అందులో మునగాకు!

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. వాళ్ళ భాషలో మునగని 'మరుంగాయ్' అంటారట, తమిళం వాళ్ళ 'మురుంగై' లాగానే లేదూ? బాబు రెండు గిన్నెలు తిన్నాడు. మధ్యాహ్నం మావారు వచ్చేసరికి నేనూ ఆంటీ మెట్లమీద కూర్చుని మునగాకు దూస్తున్నాం. మాకు కరెంటు వచ్చింది రాత్రికే.

తరవాత ఆంటీయే నన్ను బస్సెక్కించి చైనాటౌన్ మార్కెట్టు చూపించింది. సూపర్‌మార్కెట్లో దొరకనివన్నీ అక్కడున్నాయి. కాకరకాయ, పొడుగు చిక్కుళ్ళు, పచ్చి బొప్పాయి, చేమదుంపలు, చేమాకు. చేమదుంప హవాయి వాళ్ళకి మనకి అన్నంలాంటిది. ఉడికించి దంచి 'పోయ్' అనే ముద్ద చేస్తారు. (నిజం చెప్పొద్దూ, నాకు అది చివరిదాకా ఎక్కలేదు.) చేమాకుని మాత్రం చింతపండు వేసి మెత్తగా పులుసు పెడితే ఆంటీ గిన్నె నాకేసింది! మీరెవరైనా వండితే ఆకు బాగా ఉడకాలి సుమా, లేకపోతే గొంతు దురద.

మల్లెపూల సంగతి చెప్పలేదు కదూ! అక్కడ మల్లెని 'పికాకే' అంటారు. పీకాక్ అన్న ఇంగ్లీషు మాటే అలా మారింది. కైయులాని అనే రాకుమార్తెకి నెమళ్ళన్నా, మల్లెలన్నా ప్రాణమట, అందుకని ఆ పేరు. వాళ్ళు మల్లెల్ని పొడుగు సూదితో గుచ్చి మెడలో వేసుకుంటారు. నేను సూది లేకుండా వేళ్ళతోనే దారం ముడివేస్తూ మాల కడుతుంటే ఆంటీ, ఆవిడ స్నేహితురాళ్ళు చుట్టూ చేరి చూశారు. అక్కడ మే 1న పూలదండల పండుగ, 1928 నుంచీ చేస్తున్నారు. ఏటా ఆ రోజుకి ఆంటీ వాళ్ళతో కూర్చుని దండలు కట్టేదాన్ని, ఊరికే. డబ్బిస్తామన్నవాళ్ళూ ఉన్నారు. వద్దన్నాను. మావారి చదువంతా ఆ వీసా మీదే ఆధారపడి ఉంది మరి.

అలా కాదన్న ప్రతిసారీ రాత్రి నిద్రపట్టేది కాదు. ఇంటిఖర్చు లెక్కలన్నీ మావారు నా చేతికే ఇచ్చారు. స్కాలర్‌షిప్ డబ్బులోంచి నెలనెలా కొంత మిగిల్చేదాన్ని. "నువ్వు మిగిల్చిందే నీ సంపాదన అనుకోవోయ్" అనేవారు ఆయన, మంచి మనసుతోనే. కానీ మిగల్చడం వేరు, సంపాదించడం వేరు. ఈ మాట ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆంటీకి చెప్పనే అక్కర్లేకపోయింది. మొదటిరోజే ఆవిడ "నీ మొగుడేం చదువుతున్నాడు?" అనలేదు, "మీ ఊళ్ళో నువ్వేం పని చేసేదానివి?" అంది. అలా అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ఇప్పుడు వెళ్ళే అమ్మాయిలకి ఒక్క సంగతి. 2015 నుంచి ఎఫ్-2 మీద వెళ్ళినవాళ్ళు పార్ట్‌టైముగా కాలేజీలో చదువుకోవచ్చు. మా రోజుల్లో ఆ వీలు లేదు. విదేశీ విద్యార్థుల ఆఫీసులో మీరే వెళ్ళి అడగండి, మీవారు కనుక్కుని చెబుతారని కూర్చోవద్దు.

2011లో తిరిగొచ్చాం. వచ్చిన వారానికే మిషను నూనె పెట్టి తుడిచాను. ఆంటీ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. మనకీ హోనలూలుకీ పదిహేనున్నర గంటలు తేడా. మన సోమవారం టిఫిన్ల వేళకి అక్కడింకా ఆదివారం సాయంత్రమే. మొన్న "జాకెట్టుకి ఎంత తీసుకుంటున్నావ్?" అని అడిగింది. చెప్పాను. డాలర్లలో లెక్కేసుకుని, "మరీ అంత తక్కువా? పెంచు!" అని కేకలేసింది.

పెంచాను.