ఉహద్ హదీసు, మన గాయాలు

సహీహ్ బుఖారీలోని 'కితాబుత్ తిబ్' బోధించేటప్పుడు ఉహద్ గాయాల హదీసు దగ్గరకు రాగానే విద్యార్థుల్లో ఎవరో ఒకరు మమ్మల్ని అడుగుతారు: "మౌలానా, గాయానికి బూడిద పెట్టడం సున్నతేనా?" ప్రశ్న చిన్నదే. కాని వేలు తెగితే పసుపు, కాఫీ పొడి, సున్నం, ఒక్కోసారి పొయ్యిలోని బూడిద అద్దే అలవాటును మా యూసుఫ్‌గూడ ఇళ్లలో ఏళ్ల తరబడి చూస్తున్నాం కనుక, దానిని తేలికగా దాటవేయలేము.

హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహద్ మైదానాన జరిగిన విషయం అది. దైవప్రవక్త (స) శిరస్త్రాణం పగిలింది, పన్ను విరిగింది, ముఖం నుండి రక్తం కారసాగింది. హజ్రత్ అలీ (రజి) డాలులో నీళ్లు తెస్తుండగా హజ్రత్ ఫాతిమా (రజి) కడుగుతున్నారు. నీటితో రక్తం ఆగకపోగా మరింత పెరుగుతున్నదని గ్రహించి, ఆమె చాప ముక్కను కాల్చి, ఆ బూడిదను గాయానికి అద్దారు. అప్పుడు రక్తం ఆగింది. హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) చెప్పిన ఈ ఉదంతంలో మేము విద్యార్థులకు చూపేది బూడిదను కాదు, ఆ మహనీయురాలి చూపును. చేస్తున్న పని ఫలించడం లేదని గుర్తించారు, వెంటనే విధానం మార్చారు. ఆ మైదానంలో చేతికి అందినది చాప. మన ఇంట్లో ఉతికిన దుపట్టా ఉంది.

ఆ దుపట్టాను మడతపెట్టి, రక్తం వచ్చే చోటనే అరచేతితో గట్టిగా నొక్కి ఉంచాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడరాదు. కనీసం 10 నిమిషాలు చేయి తీయరాదు. గుడ్డ తడిసిపోతే దానిపైనే మరొకటి వేసి ఇంకా బలంగా నొక్కాలి. గాజు ముక్కో ఇనుప చువ్వో లోతుగా దిగి ఉంటే పీకివేయరాదు. రక్తానికి అదే అడ్డుగా ఉండవచ్చు. కనుక దాని చుట్టూ నొక్కాలి. పొడులు అద్దడం వల్ల గాయం చెడుతుంది. వైద్యుడు దానిని శుభ్రపరచడానికే సమయం వెచ్చించవలసి వస్తుంది.

అయితే కనిపించే రక్తం కన్నా కనిపించనిదే ఎక్కువ ప్రమాదకరం. మోటారు సైకిలు హ్యాండిల్ పొట్టకు గుద్దుకున్న యువకుడు లేచి నిలబడి "ఏమీ కాలేదు చాచా" అంటాడు. కాసేపటికి ముఖం పాలిపోతుంది, ఒళ్లు చల్లబడి చెమటలు పడతాయి, నాడి వేగంగా కొట్టుకుంటుంది, మాట తడబడుతుంది, దాహం దాహం అంటాడు. లోపల రక్తం పోతున్నదనడానికి ఇవి గుర్తులు. ఇక్కడే మన జాలి అడ్డు వస్తుంది. దాహమన్న వానికి నీళ్లు ఇవ్వకపోవడం మన మనసు ఒప్పదు. పూర్వం రణరంగంలో స్త్రీలు గాయపడిన వారికి నీళ్లు తాగించారు కదా అని ఒక విద్యార్థి వాదించాడు కూడా. నిజమే. కాని ఆనాటి క్షతగాత్రుని కోసం మత్తుమందు ఇచ్చి పొట్ట కోసే శస్త్రచికిత్స ఎదురుచూడటం లేదు. నేడు మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెదవులు తడిపితే చాలు. వెల్లకిలా పడుకోబెట్టి, దుప్పటి కప్పి, వాహనాన్ని పిలవాలి.

తలకు దెబ్బ తగిలినవాడి సంగతి మరీ మోసకారిది. ఇంటికి నడిచి వస్తాడు, భోజనం చేస్తాడు, ఇషా వేళకు వాంతులు మొదలై మగతలోకి జారతాడు. అలసట అనుకొని పడుకోనిస్తారు. పుర్రె లోపల రక్తం గడ్డకట్టి మెదడును నొక్కుతుండవచ్చు. వాంతులు, తగ్గని తలనొప్పి, ఒక కంటిపాప మరొకదాని కన్నా పెద్దదవడం, పొంతనలేని మాటలు, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగరాదు.

ఖందఖ్ యుద్ధంలో చేతి నరానికి బాణం తగిలిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం మస్జిదులోనే గుడారం వేయించారు దైవప్రవక్త (స). మానుతున్నదనుకున్న ఆ గాయం మళ్లీ చిట్లి రక్తం పోయి ఆయన అమరులయ్యారు. క్షతగాత్రులకు సేవచేసిన హజ్రత్ రుఫైదా (రజి) గుడారం గురించి చరిత్రకారులు రాశారు. స్త్రీలు గాయపడిన వారికి చికిత్స చేయడం గురించి బుఖారీలో ప్రత్యేక శీర్షికే ఉంది. అయినా మా బస్తీలో మెట్లపై నుండి జారిపడిన ఒక సోదరిని, అంబులెన్సు సిబ్బంది అందరూ పురుషులేనని, భర్త వచ్చేదాకా ఎక్కనివ్వలేదు. తుంటి విరిగిన మనిషి గంటసేపు నేలమీదే ఉంది. నిర్బంధ పరిస్థితి నిషిద్ధాన్ని అనుమతిస్తుందని ఫిఖ్‌హ్ సూత్రం. దానిని మా విద్యార్థులు మొదటి సంవత్సరాల్లోనే కంఠస్థం చేస్తారు. పరదా పేరుతో ప్రాణాన్ని ఆపమని ఏ ఇమామూ చెప్పలేదు.

108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది. పంజాగుట్టలో, 1964లో ఎముకల ఆసుపత్రిగా ఆరంభమైన నిమ్స్ మనకు కూతవేటు దూరం. ఇంత దగ్గర్లో ఉన్నా, కృష్ణానగర్ మలుపులో ఎవరైనా పడిపోతే జనం గుమిగూడి ఫోన్లలో చిత్రీకరిస్తారే గాని చేయి వేయరు. పోలీసు కేసు అన్న భయం. 2016లో సుప్రీంకోర్టు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134-ఎ నిబంధన ఆ భయాన్ని తీసివేశాయి. సదుద్దేశంతో సాయపడినవారిపై కేసు ఉండదు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయరాదు. ఈ మాటను జుమా రోజున మస్జిదు ద్వారం వద్ద అంటించమని మేము కమిటీ పెద్దలను కోరాము. ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి ఇచ్చాము.