మిలాన్‌లో మన సుబ్బారావు మందు

మిలాన్ మెట్రోలో పియోలా స్టేషన్ దగ్గర దిగి కాస్త నడిస్తే వయా వెనెజియన్ వీధి. ఇటలీ జాతీయ క్యాన్సర్ సంస్థ అక్కడే. అక్కడ పరిశోధన చేస్తున్న మా అన్నయ్య కూతురు దగ్గరుండి అంతా చూపించింది.

నేను చూడాలనుకున్నది క్యాన్సర్ డాక్టరు జాన్ని బొనడోన్నా పనిచేసిన చోటు. 1960ల దాకా రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకితే ఒక్కో మందే వాడి చూసేవారు. కొద్దిమందికే గడ్డలు తగ్గేవి, అదీ కొన్ని నెలలే. 1969లో అమెరికాలో రిచర్డ్ కూపర్ ఐదు మందులు కలిపి ఇచ్చి మంచి ఫలితం చూపించాడు. ఆ ఐదింటిలోంచి సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ మాత్రం ఉంచి జరిపిన ట్రయల్స్‌లో సుమారు సగం మందికి గడ్డలు కరిగాయి. ఒక మందుకు లొంగని కణం ఇంకో మందుకు దొరికిపోతుంది, కిటుకు అదే.

"ఇదిగో బాబాయ్, మన భీమవరం ఆయన మందు" అంటూ అమ్మాయి అట్టపెట్టెలోంచి చిన్న సీసా తీసింది. లోపల చిక్కటి పసుపు ద్రవం, మెథోట్రెక్సేట్. ఎక్కువసేపు వెలుతురు తగలకూడదట, వెంటనే లోపల పెట్టేసింది. లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో తయారైన మందిది. ఆయన 1948లోనే పోయారు.

ముదిరాక కాదు, ఆపరేషన్ అయిన వెంటనే ఈ మూడూ ఇస్తే? బొనడోన్నా ఆలోచన అది. అమెరికా సర్జన్లు వెనకాడుతుంటే అక్కడి క్యాన్సర్ సంస్థే మిలాన్‌కు డబ్బిచ్చింది. 1973లో మొదలైన ట్రయల్‌లో చేరింది 386 మంది. జబ్బు అప్పటికే చంకలోని గ్రంథులకు పాకినవాళ్లు. 28 రోజులకో విడత చొప్పున 12 విడతలు. వాంతులు ఆపడానికి ఇప్పటి మందులు అప్పుడెక్కడివి? 1976లో లెక్క చూస్తే, ఆపరేషన్‌తో సరిపెట్టిన వాళ్లలో 24 శాతానికి జబ్బు తిరగబెట్టింది, మందులు పడ్డవాళ్లలో 5.3 శాతానికే.

ఆ 386 మందిని వైద్య పుస్తకాలు తలుచుకుంటాయి. నాకు మాత్రం అంతకుముందు ముదిరిన జబ్బుతో ట్రయల్స్‌లో చేరిన ఆడవాళ్లకే మనం పెద్ద బాకీ అనిపిస్తుంది. మందు పనిచేస్తుందని తేల్చింది వాళ్లే, దాంతో పూర్తిగా నయమైనవాళ్లు మాత్రం వాళ్లలో దాదాపు లేరు.

మన దగ్గర ట్రయల్ అనగానే భయం, అందుకు కారణాలు లేకపోలేదు. అయినా డాక్టరు ఆ మాట ఎత్తితే వెంటనే లేచి వచ్చేయకండి. ఏ మందు, దేనితో పోలుస్తున్నారు, మధ్యలో మానుకోవచ్చా అని అడగండి. జవాబులు తెలుగులో, కాగితం మీద ఇమ్మనండి.