ఎడమప్రక్క ఆసనము

ఇంగ్లండులో నున్న మా తమ్ముడు 1960వ సంవత్సరపు మోరిస్ మైనరు కారు నొకదానిని పసిబిడ్డవలె సాకుచున్నాడు. 2023 జూన్‌లో ఫ్రాన్సుదేశపు లె మాన్ పందెమును చూపెదనని నన్నందులో తీసికొనిపోయెను. డోవరులో కారుతోనే ఓడ నెక్కి కాలే రేవున దిగితిమి. అటుపిమ్మట దాదాపు 400 కిలోమీటర్లు. ముసలి కారు గనుక పెద్దబాటలు విడిచి పల్లెత్రోవలనే పోతిమి.

ఆంగ్లేయుల కారునకు స్టీరింగు కుడివైపున. ఫ్రాన్సులో బండ్లు నడచునదియు కుడివైపుననే. కావున ముందొక లారీ యున్నచో నడుపువానికి ఎదుటి త్రోవ కానరాదు. ఎడమప్రక్క కూర్చున్నవారికే కనబడును. "అక్కా, దాటవచ్చునా?" అని వాడడుగును. "ఆగు" మన్న నాగును, "పొమ్ము" అన్న పోవును. ఉప్పు పప్పులకు గాక ఆడుదాని మాట నింతగా పాటించువారెందరు! రెండు ప్రాణములు నా నోటిమాటపై నుండుటచే తొలిగంట యంతయు అరచేతులు చెమర్చినవి. పిమ్మట దూరము లెంచుట అలవడినది.

1955లో ఇటలీయందలి మిల్లే మీల్యా పందెమున స్టర్లింగ్ మాస్ ప్రక్కన జెంకిన్సన్ కూర్చుండి, మలుపులన్నియు వ్రాసిన కాగితపుచుట్టను విప్పుచు, యంత్రఘోషలో మాట వినరాదు గనుక చేసైగలతో త్రోవ తెలిపెనట. దాదాపు 1600 కిలోమీటర్లను 10 గంటల 7 నిమిషములలో ముగించి గెలిచిరి. ఆ యేడే లె మాన్‌లో ఒక కారు తునకలు జనులపై బడి 80 మందికి పైగా మరణించిరి. అది యెరిగియుండుటచే నేను మెట్లపై వరుసలోనే చోటడిగితిని.

1923లో మొదలైన పందెమునకది నూరేండ్ల పండుగ. సాయంకాలము 4 గంటలకు మొదలై మరునాడు 4 గంటలకు ముగియును. ఒక్కొక్క కారును మువ్వురు వంతులవారీగా నడిపెదరు. లోపల నుండునది మాత్ర మొక్కరే. అర్ధరాత్రి చెవులలో దూది పెట్టుకొని చూచుచుంటిని. దీపములు వచ్చును, పోవును. నడుపువారి ప్రక్కన నెవరును లేరు.