భుజం దిగిన బరువు

కోలారు వాళ్లకు భుజబలం కథలు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. అంతరగంగ మెట్లెక్కుతుంటే పెద్దవాళ్లు కార్తవీర్యార్జునుడి కథ ఎత్తుకుంటారు. వెయ్యి చేతులున్న ఆ రాజును పరశురాముడు మట్టుపెట్టింది ఈ శతశృంగ పర్వతం మీదేనని ఇక్కడివాళ్ల నమ్మకం. ముళబాగిలు దగ్గరి ఆవని కొండకు పోతే, సీతమ్మ లవకుశులను కన్నది అక్కడేనంటారు. ఆ పిల్లలు విల్లు పట్టడం నేర్చిన చోటు కూడా అదే అయ్యుండాలి కదా అని చిన్నప్పుడు ఆ బండల మధ్య మేమూ వెదురు విల్లులతో తిరిగాం. పొలం గట్ల మీద, చెరువు కట్టల పక్కన నిలబడ్డ వీరగల్లుల్లో విల్లు ఎక్కుపెట్టిన వీరులు ఇప్పటికీ కనిపిస్తారు.

ఆ బండల మధ్య నాతో తిరిగిన మా పిన్ని కొడుకు ఇప్పుడు అమెరికాలో, పెన్సిల్వేనియాలో ఉంటాడు. అక్కడి చట్టం కోరిన శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకొని, ఆకులు రాలే కాలంలో వింటితో జింకల వేటకు పోతాడు. కొట్టిన జింకను వృథా చేయడు. ఆ మాంసమే ఇంట్లో చలికాలమంతా వండుకుంటారు. మొన్నటి చలికాలంలో మంచు మీద జారిపడి కుడి భుజం మీద పడ్డాడు. ఆపరేషన్ అయింది. చెయ్యి లేస్తోంది, అన్నం కలుపుకుంటున్నాడు, కారు నడుపుతున్నాడు. విల్లు మాత్రం లాగలేకపోతున్నాడు.

"అన్నా, సగం దాకా లాగేసరికి ప్రాణం పోతా ఉంది. అందరూ క్రాస్‌బో తీసుకోమంటా ఉండారు. అది పట్టుకుంటే ఇంక నేను వేటగాణ్ణేనా?" అని ఫోన్లో అడిగినాడు. గొంతులో దిగులు దాచుకోవడం వాడికి చిన్నప్పటినుంచీ చేతకాదు.

వాడి దిగులు నాకు అర్థమవుతుంది. వింటికి అసలు స్థానం భుజమే. భుజం కీలును నాలుగు కండరాల స్నాయువులు చుట్టూ పట్టి ఉంచుతాయి. డాక్టర్లు వాటిని రొటేటర్ కఫ్ అంటారు. ఒక చెయ్యి వింటిని ముందుకు నెట్టి పట్టుకోవాలి, రెండోది నారిని చెంపదాకా లాగాలి. మావాడికి చిరిగి, ఆపరేషన్‌లో కుట్టిన ఆ స్నాయువుల మీద కూడా ఆ లాగుడు పడుతుంది. మావాడిది కాంపౌండ్ విల్లు. పూర్తిగా లాగాక దాని కప్పీలు బరువులో చాలా భాగం తామే మోస్తాయి. అయితే అక్కడిదాకా చేరాలంటే ముందు యాభై అరవై పౌండ్ల బరువును దాటాలి. ఆ దాటడం దగ్గరే వాడి భుజం మొరాయిస్తోంది.

విలువిద్య ఎముక మీద కూడా గుర్తు వేస్తుంది. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. అందులో దొరికిన అస్థిపంజరాల్లో భుజం పైనున్న ఎముక కొస, ఎదిగే వయసులో అతుక్కోవాల్సింది, అతుక్కోకుండా మిగిలినవి మామూలుకన్నా ఎక్కువగా కనిపించాయి. బాల్యం నుంచి బరువైన విల్లు లాగడమే దానికి కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. అంతగా ఒంట్లో కలిసిపోయే విద్యను వదులుకోమంటే ఎవరికైనా తమలో కొంత భాగం పోయినట్టే ఉంటుంది.

క్రాస్‌బో ఆ లాగే పనిని ఇంకోలా చేయిస్తుంది. మావాడు వీడియో కాల్‌లో చూపించాడు. ముందు కొసన ఉన్న ఇనుప రికాబులో పాదం పెట్టి నేలకు తొక్కిపట్టాడు. కొక్కేలున్న తాడును నారికి తగిలించి, రెండు చేతులా పట్టుకొని, వంగినవాడు నిటారుగా లేచాడు. లేచింది కాళ్లతో, నడుముతో. భుజాలు ఊరికే వేలాడాయి. నూట యాభై పౌండ్లకు పైబడిన లాగుడు తాడు మలుపు వల్ల సగానికి తగ్గుతుంది. అదీ బరువనిపిస్తే తిప్పుకునే చక్రమూ ఉంది. నారి గొళ్లెంలో పడి టక్కుమంది. అప్పుడు పొట్టి బాణాన్ని గాడిలో పెట్టాడు. ఎడమచేతి బొటనవేలు గాడి పైకి రాకుండా ముందుగా సర్దుకున్నాడు. నారి వదిలినప్పుడు అది అడ్డం వస్తే తెగిపోతుంది. ఆ తర్వాత భుజానికి పనేమీ లేదు. మంచె మీద ఎంతసేపు కూర్చున్నా నారి అలాగే ఆగి ఉంటుంది. మిగిలింది ఒక్క వేలు పని.

వాడు అడిగినదాంట్లో, క్రాస్‌బో పట్టడం చిన్నతనమా అన్న మొదటి సగానికి జవాబు నాకు వెంటనే తోచింది. పనిముట్టు మారితే మనిషి తక్కువ కాడు. ఈ మాట నాలాంటి, కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ వాడు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనులు చేపట్టిన తొలి రోజుల్లో రాతిలో రంధ్రం వేయాలంటే సుత్తితో కొట్టే కూలీ భుజమే దిక్కు. తర్వాత గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులొచ్చాయి. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి కరెంటు తెచ్చారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకు పోయిందంటే మనుషుల భుజాల మీది బరువును యంత్రాలు అందుకోబట్టే. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడేదాకా లోపలికి దిగిన తమిళుడినిగానీ తెలుగువాణ్ణిగానీ, నీ చేతిలో డ్రిల్లుంది కాబట్టి నువ్వు గని కార్మికుడివి కావని ఎవరన్నారు?

శీతల్ దేవిని చూడండి. చేతులు లేకుండా పుట్టిన జమ్ము కశ్మీర్ పిల్ల. కాలితో కాంపౌండ్ వింటిని పట్టి, భుజానికి కట్టుకున్న సాధనంతో నారిని లాగి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కంచు పతకం తెచ్చింది. అందరూ చేత్తో లాగే నారిని ఆమె భుజంతో లాగింది. విద్య దానికి తగిన దారి వెతుక్కుంది. పెన్సిల్వేనియా చట్టమూ ఈ విషయంలో ఉదారంగానే ఉంది. ఒకప్పుడు డాక్టరు ధ్రువపత్రం తెచ్చుకున్న వికలాంగులకే విల్లు వేట కాలంలో క్రాస్‌బో పట్టే అనుమతి ఉండేది. 2009లో దాన్ని అందరికీ ఇచ్చారు. కాబట్టి సిగ్గుపడాల్సిందేమీ లేదని వాడికి గట్టిగానే చెప్పాను.

ఇంక వేటగాణ్ణేనా అన్న రెండో సగమే నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. భుజం దిగిన బరువు మాయమైపోదు, ఇంకెక్కడో కూర్చుంటుంది. గనిలో డ్రిల్లు వచ్చి భుజాన్ని కాపాడింది గానీ, అది లేపిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరింది. సిలికోసిస్ అనే మాట డాక్టర్లకన్నా ముందు దగ్గులో తెలుసుకున్న కుటుంబాలు మా ఊళ్లో ఉన్నాయి. డ్రిల్లు తెచ్చినవాళ్లు ఆ పొడి సంగతీ అప్పుడే చూసుకోవలసింది. నీళ్లు చల్లుతూ తొలిచే పద్ధతులు మొదటి రోజు నుంచే ఉండి ఉంటే ఎందరి ఊపిరి నిలిచేదో.

మరి క్రాస్‌బోలో బరువు ఎక్కడ కూర్చుంటుంది? మామూలు విల్లు వేటగాణ్ణి కట్టడి చేస్తుంది. లాగి ఎక్కువసేపు నిలపనివ్వదు. జింక ఇరవై ముప్పై గజాల్లోకి వచ్చేదాకా ఆగమంటుంది. చెయ్యి వణికితే దించెయ్యమంటుంది, దించితే బాణం మళ్లీ అంబులపొదిలోకి పోతుంది. క్రాస్‌బోకు ఆ వణుకు లేదు. ఎక్కుపెట్టి గంటసేపు కూర్చున్నా అలసట రాదు, దూరం కూడా కొంచెం ఎక్కువే అందుతుందనిపిస్తుంది. పైగా చాలా రకాల్లో ఒకసారి ఎక్కుపెట్టాక చేత్తో దించడం క్షేమం కాదు. చీకటి పడ్డాక ఒక బాణాన్ని నేలలోకో గురిబస్తాలోకో వదిలి నారిని ఖాళీ చేసుకోవాలి. విల్లయితే వద్దని తనే చెబుతుంది. క్రాస్‌బో పట్టినవాడు ఆ మాట తనకు తానే చెప్పుకోవాలి. భుజం నుంచి దిగిన బరువు వచ్చి కూర్చున్నది అక్కడే.

క్రాస్‌బో అంటే భయం ఇవాళ్టిది కాదు. 1139లో రోములో జరిగిన లాటరన్ మహాసభ క్రైస్తవుల మీద ఈ ఆయుధం వాడరాదని నిషేధం పెట్టింది. ఆ నిషేధాన్ని రాజులు పెద్దగా లెక్కచేయలేదు. ఇంగ్లండు రాజు మొదటి రిచర్డ్ 1199లో క్రాస్‌బో గాయంతోనే చచ్చిపోయాడు. ఏళ్ల తరబడి భుజం అరగదీసుకోకుండానే ప్రాణం తీయగల సాధనం చేతికొస్తే మనిషి ఏమైపోతాడోనన్న భయం మాత్రం అర్థంలేనిది కాదు.

ఆ భయానికి చివరి మెట్టు ఎలా ఉంటుందో చూడటానికి అమెరికా పోనక్కర్లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. విల్లయినా, క్రాస్‌బో అయినా, వలైనా, ఉచ్చయినా అంతే. నేను ఆ చట్టం పక్షమే. అయినా మా కామసముద్రం వైపు, బంగారుపేట చేల చుట్టూ రాత్రిపూట దొంగతనంగా కరెంటు తీగలు కడుతూనే ఉన్నారు. పంది రాగి చేను తొక్కితే రైతు కడుపు మండుతుంది, ఆ మంట నిజమైనదే. కానీ తీగ కట్టినవాడు ఇంటికెళ్లి పడుకుంటాడు. భుజం మీదా బరువు లేదు, వేలి మీదా లేదు. కౌండిన్య అడవి నుంచి వచ్చిన ఏనుగు ఆ తీగకు తగలొచ్చు, తెల్లారుజామున మడికి నీళ్లు కట్టడానికి పోయిన పక్క పొలం మనిషీ తగలొచ్చు. చంపేది ఎవరినో చూడకుండా చంపడం ఇదే. బరువు పూర్తిగా దింపేసుకున్న చోట వేట కూడా మిగలదు, హత్యే మిగులుతుంది.

మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. తిరుమలలో కనుమ నాడు పారువేట ఉత్సవం చేస్తారు. స్వామి మంటపానికి వేంచేస్తాడు, ఈటె విసరడం జరుగుతుంది, ఏ ప్రాణీ చావదు. వాలిని చెట్టు చాటునుంచి కొట్టిన రాముణ్ణి కూడా మనవాళ్లు ప్రశ్నించకుండా వదల్లేదు. దేవుడని మొక్కుతూనే, ఎదురుగా నిలబడి ఎందుకు కొట్టలేదని తరతరాలుగా అడుగుతూనే ఉన్నారు. దాక్కుని కొట్టేవాడు జవాబు చెప్పుకోవాలన్నది మన ఊరి రచ్చబండ తీర్పు.

అందుకే మావాడికి ఇలా చెప్పాను: "క్రాస్‌బో తీసుకో నాయనా. భుజాన్ని మళ్లీ చింపుకోవద్దు. డాక్టరు చెప్పిన వ్యాయామం మానొద్దు. విల్లుతో ఏ దూరానికి ఆగేవాడివో ఇప్పుడూ ఆ దూరానికే ఆగు. అనుమానమొస్తే బాణం నేలలోకి వదిలేసి దిగిరా. నీ బాణం తగిలిన జింక ఎంత దూరం పోయినా వెతికి చూడు. పాత భుజం నీకు పెట్టిన హద్దులన్నీ ఇకమీదట నువ్వే పెట్టుకో."

"సరే అన్నా, ఆ పాత దూరం దాటను" అన్నాడు. వాడు వేటగాడే. ఆ హద్దు నిలబెట్టుకున్నంత కాలం ఎవరూ కాదనలేరు.